అమెరికా సేద్యము – మనకు నేర్పు పాఠము

 

నేను నివసించు షేక్‌పేట ఒకప్పుడు గోలకొండ కోటకు వెలుపలి పల్లె. కుతుబ్‌షాహీల కాలమున బాటసారులు విడిసిన సరాయి ఇచట నేటికిని నిలిచియున్నది. దాని సమీపముననే జూబ్లీహిల్సు, ఫిలింనగరుల మేడలు లేచినవి. ఇప్పుడిచట నాగలి పట్టువాడు కానరాడు. పల్లె పట్టణమగుచుండగా సేద్యగాని గతి యేమి? మనకంటె ముందు ఈ త్రోవ నడచిన అమెరికా దేశపు కథ ఇందుకు కొంత సమాధానము చెప్పగలదు.

1900వ సంవత్సరమున ఆ దేశమున పనిచేయువారిలో నూటికి 41 మంది సేద్యమునే నమ్ముకొనియుండిరి. రెండు కోట్లకు మించిన గుఱ్ఱములును కంచరగాడిదలును వారి పొలములు దున్నుచుండెను. వాటి మేతకే సాగుభూమిలో పెద్దభాగము చెల్లిపోయెడిది. ఎడ్లను పోషించిన మీకీ కష్టము తెలియనిది కాదు. తరువాత ట్రాక్టరు వచ్చినది. 1945 ప్రాంతమునకు యంత్రబలము పశుబలమును మించినది. మేత పండిన నేల తిండిగింజలకు దక్కినది.

1930 తరువాత సంకర విత్తనము వ్యాపించినది. దానికి రసాయనపుటెరువు తోడయ్యెను. శతాబ్దాంతమునకు ఎకరపు మొక్కజొన్న దిగుబడి మునుపటికి సుమారు 5 రెట్లైనది. అయితే సంకరపు పంటనుండి తీసి దాచిన గింజ మరుసటియేట అంత పండదు. గాదెలోని విత్తనమును నమ్మిన రైతు ఏటేట అంగడి వాకిట నిలువవలసివచ్చెను.

ఇక నష్టపుపద్దు చూడుడు. యంత్రమునకు అప్పు చేసినవాడు ఆ అప్పు తీర్చుటకు మరింత నేల కోరెను. చిన్నరైతు అమ్ముకొని పట్టణము చేరెను. 1900లో 57 లక్షలుగానున్న కమతములు 2000 నాటికి సుమారు 22 లక్షలకు దిగినవి. సేద్యమున మిగిలినది పనివారిలో నూటికి ఇద్దరైనను కారు. మితిమీరి దున్నిన నేలపై 1930 తరువాత అనావృష్టి రాగా, కాన్సాసు, ఓక్లహోమా మొదలగు సీమలలో పైమన్ను ధూళిమేఘములై యెగిరిపోయినది. 1935లో ప్రభుత్వము భూసంరక్షణకు ప్రత్యేకశాఖను నెలకొల్పవలసివచ్చెను.

ఆ కాన్సాసు రాష్ట్ర విశ్వవిద్యాలయపు పండితులే తరువాత మనకు తోడ్పడిరి. బోధన, పరిశోధన, రైతునకు బోధపరచుట – ఈ మూడును ఒక్క నీడనుండవలెనను అమెరికా పద్ధతిపై, 1964లో షేక్‌పేటకు అనతిదూరమున రాజేంద్రనగరమున వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసినది. అమెరికా ధర్మసంస్థల ధనముతో ఫిలిప్పీన్సులో 1960లో ఏర్పడిన వరి పరిశోధనాలయము 1966లో ఐ.ఆర్.8 అను పొట్టివరిని వెలువరించినది. ఎరువు వేసినను పడిపోని ఆ పైరు మన మాగాణులలో గాదెలు నింపినది. ఈ మేలు మరువరానిది.

కాని అయ్యలారా, విత్తనము తెచ్చుకొనవచ్చును గాని కొలత తెచ్చుకొనరాదు. శతాబ్దాంతమున అమెరికాలో సగటు కమతము 400 ఎకరములకు మించినది. తెలంగాణమున 2015–16 లెక్కల ప్రకారమది సుమారు రెండున్నర ఎకరములే. రెండెకరములవాడు ఒంటిగా ట్రాక్టరు కొనినచో, ట్రాక్టరు పొలమును దున్నును. అప్పు రైతును దున్నును.

మరి మార్గమేది? మన ముల్కనూరు చూపినది. 1956లో ఆ యూరి రైతులును ఇరుగుపొరుగు గ్రామములవారును కలిసి సహకార సంఘమును స్థాపించుకొనిరి. సంఘమే అప్పిచ్చును, ఎరువు తెచ్చును, పంట కొనును. వరివిత్తనమును సభ్యులచేతనే పండించును. ఎవని పొలము వానిదే. బేరమున మాత్రము అందరును ఒక్కటి. కమతము పెరుగకయే రైతు బలము పెరిగినది.

అమెరికాలో పంట పెరిగినది, పల్లె తరిగినది. పంటను పెంచుకొని పల్లెను నిలుపుకొనుట మన కార్యము. రేపు మీ రచ్చబండకడ ఈ మాట తలపెట్టుడు. యంత్రమును పదుగురు కలిసి తెచ్చుకొనుడు. గట్టుపై చెట్టును, పొలమున పైమన్నును కాపాడుకొనుడు. నేల నమ్మజూచు కుమారునితో ఒక్కమారు నిదానముగా మాటలాడుడు.

సెలవు.