పాలమూరుకు వలస వచ్చిన చరిత్ర
(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాలమూరు అనంగనే అందరికీ యాదికొచ్చేది బయటికి పోయే వలస. బొంబాయి, పూనా బస్సెక్కే కూలీల మూటలు. నేనివాళ లోపలికి వచ్చిన వలస గురించి మాట్లాడతాను.

మీ జిల్లాకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మీదనే కదా. ఆయన దర్బారులో ఫొటోలు తీసిన లాలా దీన్‌దయాళ్ కూడా వలస వచ్చినవాడే. మీరట్ దగ్గరి సర్ధనా ఆయన ఊరు. రాజు బిరుదు ఇచ్చాడు, ఫొటోగ్రాఫర్ పేరు మిగిలింది. ఆ బొమ్మల్లో కోటలున్నయి, నవాబులున్నరు, వేట ఉంది. మన ఊరి చెరువు కట్ట మీది రాయిని చదవడానికి మాత్రం ఇంకొకరు రావాల్సి వచ్చింది.

ఆయన గడియారం రామకృష్ణశర్మ. 1919లో అనంతపురంలో పుట్టి అలంపురంలో స్థిరపడ్డారు. సీమలో పుట్టినాయన మనవాడెట్లయితడని ఎవరైనా అడిగితే, 1960లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన ‘తెలంగాణ శాసనాలు’ రెండో సంపుటం తెరిచి చూపండి. మొదటిది 1935లో వచ్చింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబు చెప్పారు. చరిత్ర లేదనేవాళ్లకు ఈ రాళ్లే జవాబు.

రాతిని చదవడం తేలికనుకోకండి. బ్రష్షుతో మట్టి, నాచు కడగాలి. తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా గట్టి బ్రష్షుతో కొట్టాలి. ఆరుతున్నప్పుడు పైన మెల్లగా సిరా అద్దాలి. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలుతయి. దీన్నే ఎస్టాంపేజి అంటరు. అరిగిన రాయికి కెమెరా కంటె ఇదే నమ్మకం.

1953లో అలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. అంత చిన్న ఊరికి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. ఆ సభల వెనక ఉన్న మనిషి శర్మగారే. హైదరాబాదు బయట సాహిత్యం లేదనుకునేవాళ్లు ఈ సంగతి ఎందుకో మరిచిపోతరు!

తర్వాత శ్రీశైలం జలాశయం వచ్చింది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం మునుగుతదని రాయి రాయికి నంబరు వేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. పాపనాశి గుళ్లూ అట్లనే కదిలినయి. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలకు నీళ్లు రాకుండ గోడ కట్టారు. మంచిదే. కాని కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగితే, ఆ ఇళ్లకు నంబర్లు వేసి మళ్లీ కట్టిందెవరు? గుడికి దొరికిన శ్రద్ధ మనిషికి దొరకలేదు. 2009 అక్టోబరు వరదల్లో అలంపురం కూడా మునిగింది.

శర్మగారు 2006లో పోయారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 2007లో వచ్చింది, ఆయన లేనంక. నల్లగొండలో వలిగొండ బి.ఎన్. శాస్త్రిగారూ ఊరూరు తిరిగి శాసనాలు సేకరించి అచ్చు వేశారు. ఆయన మీద ఇంకోసారి విడిగా మాట్లాడుకోవాలె.

2014లో రాష్ట్రం వచ్చింది. 2016లో అలంపురం జోగులాంబ గద్వాల జిల్లాలోకి పోయింది. రాళ్లు మాత్రం ఇంకా పొలాల్లోనే ఉన్నయి. కొన్నిటికి సున్నం కొడుతున్నరు, కొన్ని రోడ్డు వెడల్పులో పోతున్నయి. మీ అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నయి. రాయి కనబడితే పొద్దున్నో, సాయంత్రమో, ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తీయండి. నడిమధ్యాహ్నం తీస్తే అక్షరం కనబడదు. నూనె, సుద్ద పూయొద్దు. ఊరు, పొలం, రాయి ఏ దిక్కుకు చూస్తుందో రాసుకోండి. పొలం రైతు పేరు కూడా అడగండి, ఆ రాయిని ఇన్నేండ్లు కాపాడింది ఆయనే.