అరటిపువ్వు కూర పోషక విలువ

అరటిపువ్వులో పీచు, పొటాషియం పుష్కలం. పెదవేగి ప్రాంతంలో లేత ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా అరటి వేస్తారు. గెల వేశాక కొసన మిగిలే పువ్వు కూరకు పనికొస్తుంది. వంద గ్రాముల పచ్చి పువ్వులో సుమారు 50 కేలరీలు, 5 గ్రాములకు పైగా పీచు ఉంటాయి. కొవ్వు గ్రాము కూడా ఉండదు. యూరప్‌లో ఉడికించి తినే ఆర్టిచోక్ అనే పూమొగ్గ విలువలూ దాదాపు ఇవే.

ఎర్రటి దొప్పలు విప్పి, ఒక్కో పువ్వులోంచి ఉడకని గట్టి కేసరాన్ని, పలచటి పొరను తీసేయాలి. తరిగిన ముక్కలను వెంటనే పసుపు కలిపిన మజ్జిగలో వేస్తే నల్లబడవు. టానిన్ల వల్ల వచ్చే వగరూ తగ్గుతుంది. ఉడికినా పీచు పోదు. పొటాషియం, సి విటమిన్ కొంత నీటిలోకి దిగుతాయి. కాబట్టి ఎక్కువ నీళ్లు పోసి వార్చేయకుండా, కొద్ది నీళ్లలో ఉడికించి, ఇగిరాక ఆవ పెట్టడం మేలు. మూత్రపిండాల జబ్బు వల్ల పొటాషియం తగ్గించుకోవలసినవారు వైద్యుల సలహాతోనే తినాలి.