బెంగకు ఏ భాష?

సూరత్‌లోని తెలుగు పిల్లలకు తొమ్మిదో తరగతి మామూలు మెట్టు కాదు. ఇక్కడి నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు బడులతో పాటు తెలుగు బడులూ నడుపుతోంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు ఆ బడులు పెద్ద ఆసరా. కానీ గుజరాత్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదితో ముగుస్తుంది. ఆపైన బడి మారుతుంది, స్నేహితులు మారతారు, తరచు చదువు భాషా మారుతుంది. ఒళ్లు ఎదుగుతున్న వయసు అది. పదో తరగతి బోర్డు పరీక్ష ఏడాది దూరంలో ఉంటుంది. సరిగ్గా ఆ వయసు పిల్లల మనసుకు బలమిచ్చేది టైమ్‌టేబుల్‌లో చేర్చే ఇంకో పీరియడు కాదనీ, వారి మాట వినడానికి బడిలో ఉండే ఒక మనిషనీ నా వాదన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లోనే బడుల కోసం జీవన నైపుణ్యాల పత్రం వెలువరించింది. తనను తాను ఎరగడం, ఎదుటివారి బాధ గ్రహించడం, ఉద్వేగాన్ని తట్టుకోవడం వంటి పది నైపుణ్యాలు అందులో ఉన్నాయి. పరీక్షల ముందు వీటికి తీరికెక్కడిదని అడిగేవారికి డర్లాక్ పరిశోధక బృందం 2011లో జవాబిచ్చింది. 213 కార్యక్రమాలను, రెండు లక్షల డెబ్బై వేల మంది విద్యార్థులను పరిశీలిస్తే, ఇలాంటివి నేర్చిన పిల్లలు చదువులోనూ మెరుగుపడ్డారని తేలింది. అలాగని ప్రతి పాఠమూ ఫలిస్తుందనుకోవడం పొరపాటు. బ్రిటన్‌లో 85 బడుల్లో ఉపాధ్యాయుల చేత ధ్యాన పాఠాలు చెప్పించి చూస్తే, మామూలు బోధన కన్నా అదనపు మేలేదీ కనబడలేదని 2022లో తేల్చారు. మనకు మరీ దగ్గరిది బీహార్‌లోని నలందా జిల్లా అనుభవం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో అమలు చేసిన 'సెహర్' కార్యక్రమంలో సభలు, గోడపత్రిక, పిల్లలు తమ గోడు రాసి వేసే ఉత్తరాల పెట్టె, ఏకాంతంగా మాట్లాడుకునే వీలు ఉండేవి. కొన్ని బడుల్లో దీన్ని ఉపాధ్యాయులకే అప్పగించారు. కొన్నిటిలో, మానసిక నిపుణులు కాకపోయినా శిక్షణ పొందిన మామూలు మనుషులను ప్రత్యేకంగా నియమించారు. తొమ్మిదో తరగతి పిల్లలపై 2018లో వెలువడిన ఫలితాల్లో, నియమించిన మనిషి ఉన్నచోట దిగులు, వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది ఉపాధ్యాయుల తప్పు కాదు. నాకు తోచే కారణం ఒకటే: మార్కులు వేసే చేతికి మనసు అప్పగించడం ఏ పిల్లకైనా కష్టం. పైగా ఉపాధ్యాయులకున్న పని వారికి ఉండనే ఉంది.

ఈ నైపుణ్యాలు ఇంట్లో నేర్వాల్సినవి కదా అంటారు. నిజమే, ఊళ్లో అమ్మమ్మ, మేనమామ, వాడకట్టువాళ్లు ఉండేవారు. ఇక్కడ మగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు. తండ్రి రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి కొడుకు బడికి బయలుదేరతాడు. ఆ తండ్రిని తప్పుపట్టి ఏం లాభం? ఇక ఖర్చు మాట. నలందాలో ఫలించింది మానసిక వైద్యుడి జీతం కాదు, చదువుకున్న మామూలు మనిషికిచ్చిన శిక్షణ.

అయితే ఆ మనిషి ఏ భాషలో వినాలి? పేరు పెట్టిన ఉద్వేగం నెమ్మదిస్తుందని 2007లో లీబర్‌మన్ పరిశోధక బృందం మెదడు చిత్రాలతో చూపింది. మన పిల్లలకు బెంగ వేరు, దిగులు వేరు. ఉక్రోషం వేరు, అలక వేరు. చిన్నబుచ్చుకోవడం మరీ వేరు. కొత్త బడిలో, కొత్త భాషలో ఇవన్నీ 'టెన్షన్' అనే ఒక్క మాటలో ఇరుక్కుపోతాయి. తెలుగుకు అంటుకుపోతే పిల్లలు హిందీ, గుజరాతీల్లో వెనకబడతారని తల్లిదండ్రులకు భయం. లెక్కలు, సైన్సు ఏ భాషలోనైనా చదవనివ్వండి. ఉత్తరాల పెట్టెలో వేసే చీటీ మాత్రం తెలుగులో రాసుకోనివ్వండి. దాన్ని చదవగల, మర్నాడు ఆ పిల్లను పక్కకు పిలిచి "ఏమైంది బిడ్డా" అని అడగగల డిగ్రీ చదివిన యువతీయువకులు ఈ పేటల్లోనే ఉన్నారు. ఉన్నత పాఠశాలకు ఒక్కరి చొప్పున, వారానికి రెండు రోజులతో మొదలుపెట్టవచ్చు.