శాస్త్రజ్ఞుల సంఘాలు - సర్కారు నిర్ణయాలు

అనంతపురం జిల్లా పడమటి అంచున, వేదవతీ నది పారే గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప జలాశయం ఉన్నది. అయినను అక్కడి మెట్టరైతు చూపు ఆకాశం మీదనే. జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇటువంటి సీమలో సర్కారు నిర్ణయం ఒకటి తప్పితే, రైతు ఆ ఏటి పంటనే గాక మరుసటి ఏటి విత్తనాన్ని కూడ పోగొట్టుకొంటాడు. కనుక ఆ నిర్ణయానికి ఆధారమేమిటన్నది కేవలం పండితచర్చ కాదు.

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో ఈ జిల్లా వేరుసెనగను ఒక తెగులు ముంచివేసింది. చివుళ్ళు మాడి, కాండం నల్లబడి, మొక్కలు నిలువునా చచ్చినవి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నవి. నష్టం 300 కోట్ల రూపాయలని అంచనా. పైచూపునకు అది పాత మొవ్వుకుళ్ళు తెగులువలెనే ఉన్నది. కాని పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించగా, కారణం టొబాకో స్ట్రీక్ అనే వేరొక వైరస్ అని తేలినది. గట్లమీద, బాటలవెంట పెరిగే వయ్యారిభామ దానికి ఆశ్రయం. ఆ పూల పుప్పొడిద్వారా, తామరపురుగుల మూలంగా అది పైరుకు సోకుతుంది. పరీక్షలలో వేరుసెనగ విత్తనం ద్వారా వ్యాపించిన జాడ కనిపించలేదు.

ఈ తేడా ఎంత విలువైనదో గమనించండి. విత్తనమే దోషి అనుకొంటే, ధనమంతా విత్తనం మార్చుటకే వ్యయమయ్యేది. కలుపు దోషి అని తెలిసినప్పుడు, అది పూతకు రాకముందే పీకించుట, పొలంచుట్టూ జొన్న, సజ్జ వరుసలు వేయించుట కర్తవ్యమవుతుంది. ఒక రైతు తన చేను బాగుచేసుకొన్నంత మాత్రాన చాలదు. బాటప్రక్కన కలుపు ఎవరిది? అది ఊరుమ్మడి పని, సర్కారు పని.

శాస్త్రసంఘాల అవసరం ఇక్కడనే. ఈ పరిశోధన 2002లో అమెరికా సస్యరోగ శాస్త్రసంఘం పత్రికలో వెలువడినది. మన దేశంలో భారత సస్యరోగ శాస్త్రసంఘం 1947లోను, జాతీయ వ్యవసాయ విజ్ఞానశాస్త్ర అకాడమీ 1990లోను ఏర్పడినవి. ఒకరి మాటను పదిమంది నిపుణులు నిగ్గుతేల్చుట వీటి మొదటి ధర్మం. తేలినదెంత, తేలవలసినదెంత అని దాపరికం లేక పాలకులకు చెప్పుట రెండవది.

ఐతే శాస్త్రజ్ఞుడు పాలకుడు కాడు. ధర, అప్పు, బీమా, కూలి - వీటిని తూచి నిర్ణయించవలసినవారు ప్రజాప్రతినిధులు. తెగులును ముందుగా చూచేది రైతు. అతని మాట సంఘాల సభలకు చేరవలె. సభల తీర్మానం తేటతెలుగులో, అదను దాటకముందే గుమ్మఘట్ట రచ్చబండకు చేరవలె. విత్తు మొలిచిన పిదప వచ్చిన సలహా ఎంత శాస్త్రీయమైనదైనా, ఆ ఏటికి నిష్ఫలమే గదా!