బడి భోజనము – బిడ్డల బరువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మరికొంత సేపటిలో విస్తళ్లు పడబోతున్నవి. కోస్తావారు బొబ్బట్లనీ, ఇక్కడివారు ఓళిగలనీ పిలుచుకొనే వాటి వాసన ఈ పందిరిదాకా వస్తూనే ఉన్నది. ఇట్టి వేళ పిల్లల లావును గురించి మాట్లాడమని కార్యవర్గమువారు మమ్ములను కోరుట కొంచెము చిత్రమే. అయినా ఇన్ని కుటుంబములు ఒక్కచోట కూడే రోజు ఏడాదికి ఇదొక్కటే గనుక ఒప్పుకొన్నాము.

ఈ బళ్లారి సీమ ఆకలి నెరిగిన సీమ. 1876–78 నాటి మహా కరువు ఈ జిల్లాను ఎంతగా పీల్చి పిప్పి చేసినదో ఇక్కడి ముసలివారు తమ తాతల నోట విన్నదే. బడిపిల్లలకు మధ్యాహ్నము పట్టెడన్నము పెట్టవలెనన్న ఆలోచన మన పాత మద్రాసు రాజధానిలోనే పుట్టినది. 1920లో పిట్టి త్యాగరాయ సెట్టిగారు మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా ఉండగా నగరములోని ఒక బడిలో అది మొదలైనది. 1956లో కామరాజుగారు దానిని ఆ రాష్ట్రమంతటా విస్తరింపజేసినారు. అప్పటికి బళ్లారి మద్రాసులో లేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోగా, మిగిలిన జిల్లా మైసూరుకు చేరినది. ఆ విధముగా చేతిదాకా వచ్చిన ముద్ద నోటిదాకా రాలేదు. 2001లో సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టవలెనని ఆజ్ఞాపించిన తరువాత, 2002లో కర్ణాటక ప్రభుత్వము అక్షర దాసోహమును ప్రారంభించినది. మొదట ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో మనదొకటి.

ఇప్పుడు కొందరు, "ఆ బడి అన్నము తినే పిల్లలు ఊరిపోతున్నారు" అంటున్నారు. లెక్క చూతము. ఒకటి నుండి అయిదవ తరగతి వరకు బిడ్డకు ఒక పూటకు 100 గ్రాముల బియ్యమో గోధుమలో, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరలు, 5 గ్రాముల నూనె. మొత్తము 450 కాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుండి ఎనిమిది వరకు 150 గ్రాముల ధాన్యము, 700 కాలరీలు. చేలగట్ల వెంట పరుగెత్తే బిడ్డకు ఇది ఎక్కువ తిండి కానే కాదు. 2013 నుండి క్షీరభాగ్యము పేరిట పాలు ఇస్తున్నారు. 2021 డిసెంబరులో గ్రుడ్డు పెట్టుట మొదలైనదీ మన జిల్లా వంటి ఈ వైపు జిల్లాలలోనే. గ్రుడ్డు తినని వారికి అరటిపండో వేరుశనగ చిక్కీయో ఇచ్చినారు.

లోపము లేదనము. ఆ 450 కాలరీలలో మూడు వంతులకు పైగా బియ్యమే తెచ్చిపెడుతున్నది. ఏబది గ్రాముల కూర అనగా సాంబారులో వెదకి పట్టుకోవలసిన కూర. జొన్న పండే సీమలో జొన్న కానరాదు. ఇవన్నీ సరిదిద్దవలసినవే. కాని బిడ్డ లావగుటకు ఆ గరిటెను తప్పు పట్టుట న్యాయము కాదు.

మరి ఎక్కడ లావవుతున్నారు? ఇది మన యింటి మాట. తుంగభద్ర కాలువలు పారిన తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతముల నుండి వచ్చి సిరుగుప్ప, గంగావతి వైపు క్యాంపులు వేసుకొన్న కుటుంబములు మనలో ఎన్నో ఉన్నవి. తలిదండ్రులు మోకాటి లోతు బురదలో నిలిచి నాట్లు వేయించినారు. రెండు పూటలా సన్నన్నము తిన్నారు, అరిగించుకొన్నారు. వారి మనుమలు అదే అన్నము తిని, బడి బస్సెక్కి, ఇంగ్లీషు బడిలో కూర్చుండి, సాయంత్రము ట్యూషనులో కూర్చుండి, రాత్రి ఫోను ముందర కూర్చుంటున్నారు. అక్షర దాసోహము ప్రభుత్వ బడులకు, ప్రభుత్వ సహాయము పొందు బడులకు మాత్రమే. ఫీజు కట్టే బడికి మారినప్పుడు బిడ్డ గ్రాములలో కొలిచిన పళ్లెమును విడిచి, ప్రేమతో మాత్రమే కొలిచిన డబ్బాకు వస్తున్నాడు. ఆ డబ్బాలో ఏమున్నది? నూనె తేలిన చిత్రాన్నము, లేదా రెండు నిమిషముల నూడిల్సు. పక్కన చిప్సు పొట్లము. 50 గ్రాముల చిప్సులో 16, 17 గ్రాముల కొవ్వు ఉండును. బడి వంటలో చిన్నబిడ్డకు మూడు రోజులకిచ్చే నూనె అది! దారిలో బేకరీ పఫ్ఫు, పావు లీటరు శీతల పానీయము. ఆ పానీయములో ఆరు చెంచాల పంచదార.

పైగా మన అవ్వలకు బొద్దుగా ఉంటేనే ముద్దు. "బిడ్డకు దిష్టి తగిలేను, ఆ మాట అనకురా" అని డాక్టరునే కసురుతారు. లావైన బిడ్డను అందరి ముందర ఎగతాళి చేయుట మాత్రము మహా పాపము, డబ్బా సర్దినది ఆ బిడ్డ కాదు గదా.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2022 నాటికి లోకములో 5 నుండి 19 ఏండ్ల పిల్లలలో 39 కోట్లమంది అధిక బరువుతో ఉన్నారని, వారిలో 16 కోట్లమంది స్థూలకాయులని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన బంధువులున్న అమెరికాలో 1946లో బడి భోజన చట్టము ఆకలి తీర్చుటకు పుట్టినది. 2010లో అదే భోజనమునకు కాలరీల హద్దు, ముడిధాన్యము, కూరలు విధించవలసి వచ్చినది. ఆ మార్పు తరువాత బీద పిల్లలలో స్థూలకాయము పెరుగుట తగ్గినదని 2020లో ప్రచురించిన పరిశోధన చెప్పినది. కనుక బడి భోజనము రోగము కాదు, సరిగా వండితే మందు.

మన దేశములోనూ 2020లో ఆహార భద్రతా సంస్థ ఒక నిబంధన చేసినది. కొవ్వు, పంచదార, ఉప్పు అధికముగా ఉన్న తినుబండారములను బడి ఆవరణలోను, గేటు నుండి 50 మీటర్ల లోపలను అమ్మరాదు. మన పిల్లల బడి గేటు ముందు నిలబడి ఏబది మీటర్లు నడచి చూడుడు. ఏమి కనపడునో మేము చెప్పనక్కరలేదు. ఫీజుల సంగతి అడుగుటకు బడికి పోయిన రోజున ఈ సంగతీ అడుగవచ్చును. ఒక తండ్రి అడిగితే గొణుగుడు, ఇరువది మంది అడిగితే అర్జీ.

మన సంఘము చేయగల పని ఒకటున్నది. ఈరోజు ఆటల పోటీలలో గెలిచిన పిల్లలకు ఇచ్చుటకు చాక్లెట్ల డబ్బాలు తెచ్చినారు. ఈసారికి కానిండు. వచ్చే ఉగాదికి బంతులు, తాళ్లు, పుస్తకములు తెండు.

ఇక డబ్బా మాట. జొన్నరొట్టె మధ్యాహ్నమునకు అట్టవలె బిగిసిపోవునని మన ఇల్లాండ్రు వాపోతారు. పొరుగింటి కన్నడ అవ్వలను అడుగుడు. మరిగే నీటితో పిండి కలిపి, పలుచగా తట్టి, కాలిన వెంటనే తడిగుడ్డలో చుట్టి పెడతారు. దానిలోకి వేరుశనగ పొడి, పెరుగు, ఏదో ఒక ఆకుకూర పప్పు. భోజనానంతరము వంటశాల వెనుక ఇద్దరు అవ్వలు రొట్టె తట్టి చూపుటకు ఒప్పుకొన్నారు. తల్లులతోపాటు తండ్రులూ రావలెనని మనవి.