రోగికి తోడుగా పడుకునేవారి నిద్ర

రోగికి ఏ మందు ఎప్పుడు వేయాలో మీకు రోజూ చెబుతూనే ఉంటాము. ఈ రోజు మీ నిద్ర గురించి మాట్లాడుకుందాము.

బాపట్ల నుండి, రేపల్లె నుండి తెనాలి వచ్చి రోగికి తోడు ఉండేవారు ఉదయాన్నే ఒక మాట అంటుంటారు. "పడుకున్నానండీ, కాని నిద్రపోయినట్లు లేదు." అది నిజమే.

మన నిద్ర ఒకే తీరుగా సాగదు. మొదట కోడికునుకు లాంటి తేలిక నిద్ర, తరువాత గాఢ నిద్ర, ఆ తరువాత రెప్పల క్రింద కళ్ళు వేగంగా కదులుతూ కలలు వచ్చే నిద్ర. ఈ మూడవ దానిని 1953లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ వెల్లడించారు. ఈ చుట్టు తిరగడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. రాత్రికి నాలుగైదు చుట్లు. గాఢ నిద్ర ఎక్కువగా ముందు చుట్లలోనే వస్తుంది.

మధ్యమధ్య కొన్ని క్షణాలు మెలకువ రావడం ఆరోగ్యవంతులకూ సహజమే. పక్కకు తిరిగి మళ్ళీ నిద్రపోతాము, తెల్లవారితే గుర్తుండదు. పెద్ద వయసులో ఇవి ఎక్కువ. వీటికి బెంగ పడవద్దు, గడియారం చూడవద్దు.

కాని సెలైన్ అయిపోవస్తోందని గాఢ నిద్రలో లేచామనుకోండి. ఆ నిద్ర ఆగినచోట మొదలుకాదు, మళ్ళీ కోడికునుకు నుండే రావాలి. గంటకొకసారి ఇలా లేస్తే, ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్ళు తేలికపడదు.

అందుచేత ఇద్దరు ఉంటే రాత్రిని పంచుకోండి. రెండు గంటల వరకు ఒకరు, తరువాత ఒకరు. ఇద్దరూ మంచం పక్కనే జాగారం చేయడం ప్రేమే గాని, రోగికి దానివల్ల ఒరిగేది లేదు! ఒక్కరే ఉంటే, రాత్రి మందులు, బి.పి. ఏ వేళకు చూస్తారో నర్సమ్మను అడిగి, మధ్య ఖాళీలో పడుకోండి.

ఇలా రెండు మూడు రాత్రులు గడిపి, ఉదయాన్నే మోటారు సైకిల్ మీద బయలుదేరవద్దు. రెప్ప వాలిన సంగతి మీకే తెలియదు. రేపల్లెకైనా, బాపట్లకైనా రైలు ఉంది, బస్సు ఉంది.

మరొక్క మాట. రోగి గురక పెడుతూ, ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నాడా? మూత్రానికి పదేపదే లేస్తున్నాడా? డాక్టరుగారికి చెప్పండి. గురక సంగతి ఆయనకు తెలియదు, పక్కనున్న మీకే కనిపిస్తుంది.