స్థూలకాయ శస్త్రచికిత్స: యోగక్షేమములు



నేను వైద్యుడను గాను. బాలురచే శబ్దములను, ధాతువులను వల్లెవేయించి వయసు గడిపిన పంతులను. ఇట్టివానికి వైద్యవిషయమున మాటలాడు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. శస్త్రము చేయుట వైద్యుని పని. కాని రోగి యింటికి వచ్చిన పిదప అతనికి అన్నము వడ్డించువారమును, అతని నొక మాట యనువారమును మనమే. ఈ రెండవ భాగమును గూర్చి మాటలాడుటకు గృహస్థులకందఱకును అధికారము కలదు.

అతిస్థూలకాయమునకు చేయు బేరియాట్రిక్ శస్త్రచికిత్స నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మున్నగు నగరములందు జరుగుచున్నది. దీనిని గూర్చి లోకమున రెండు భ్రమలు కలవు. శస్త్రము జరిగినంతనే మనుష్యుడు సన్నజాజితీగ యగునని మొదటిది. బరువు మఱల కొంత పెరిగినచో పెట్టిన ధనమెల్ల బూడిదలో పోసిన పన్నీరని రెండవది. ఈ రెండింటి నడుమ నలిగిపోవువాడు రోగి. కావున మొదట శస్త్రస్వరూపమును, పిదప ఫలమును, తుదకు మన కర్తవ్యమును మనవి చేసెదను.

ఈ శస్త్రములలో ముఖ్యములు రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ యందు జీర్ణాశయములో నూటికి 75 మొదలు 80 పాళ్లు తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టముగా నుంచుదురు. గ్యాస్ట్రిక్ బైపాస్ నందు జీర్ణాశయపు పైభాగమున చిన్న సంచి నేర్పఱచి, దానికి చిన్నప్రేవును తెచ్చి కలుపుదురు. బైపాస్ విధానమును అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ మేసన్, ఇటో అను వైద్యులు 1967లో ప్రకటించిరి. ఈ రెండింటివలనను తినగల పరిమాణము తగ్గుటయే కాక, ఆకలిని పుట్టించు హార్మోనులును మాఱును.

ఇక ఫలమును లెక్కవేసి చూతము. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 120 కిలోగ్రాములు గల గృహస్థు నొకని భావింపుడు. మొదటి యేడాదిన్నర రెండేండ్లలో స్లీవ్ వలన తొల్లింటి బరువులో సుమారు నూటికి 25 పాళ్లును, బైపాస్ వలన సుమారు 30 పాళ్లును తఱుగుట సామాన్యము. అనగా ఇతడు 84 మొదలు 90 కిలోగ్రాముల కడ నిలుచును. కొందఱికింతకన్న హెచ్చుగను, కొందఱికి తక్కువగను తఱుగవచ్చును. ఇతడు 65 కిలోగ్రాములకు దిగలేదని బంధువులు పెదవి విఱిచినచో, లోపము శస్త్రమున లేదు, ఇతనియందును లేదు. వారి లెక్కలో నున్నది. మధుమేహము, రక్తపుపోటు అదుపునకు వచ్చుట, మోకాళ్ల నొప్పి తగ్గుట, నిద్రలో ఊపిరి నిలిచిపోవు బాధ శమించుట, ఇవి గదా అసలు ఫలములు!

1987లో స్వీడన్ దేశమున నారంభించిన సుప్రసిద్ధ పరిశీలనమున, బైపాస్ పొందినవారు మొదటి రెండేండ్లలో సగటున నూటికి 32 పాళ్లు తగ్గిరి. పదియేండ్లు గడచునప్పటికి ఆ తగ్గుదల 25 పాళ్లయ్యెను. అనగా కొంత బరువు మఱల వచ్చినది. అయినను శస్త్రములు పొందినవారిలో మరణములు పొందనివారికన్న తక్కువగా నుండెనని 2007లో ప్రకటింపబడినది. కోల్పోయిన బరువును మఱల కూర్చుకొన యత్నించుట దేహధర్మము. కావున స్వల్పముగా పెరిగినంతమాత్రమున పరాజయమని తలపరాదు. విశేషముగా పెరిగినచో సిగ్గుపడి మూల కూర్చుండక వైద్యుని దర్శింపవలయును. నేడు అందులకును ఔషధములు కలవు.

సంస్కృతమున యోగక్షేమములను జంటపదము కలదు. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. మనము ఒకరినొకరము “క్షేమమా?” యని యడుగుదుము గాని “యోగమా?” యని యడుగము. పెద్దలు ఏది ముఖ్యముగా నెంచిరో దీనివలన తెలియుచున్నది. శస్త్రము కొన్ని గంటలలో ముగియు యోగము. క్షేమమో, యావజ్జీవము నడపవలసిన వ్రతము.

ఆ వ్రతనియమము లెట్టివనగా: మొదట కొన్ని దినములు ద్రవపదార్థములు, పిదప మెత్తగా మెదిపినవి, ఆఱు మొదలు ఎనిమిది వారములనాటికి గట్టి యాహారము. వైద్యుడు చెప్పిన క్రమమును దాటి ముందునకు పోరాదు. దినమునకు 60 మొదలు 80 గ్రాముల మాంసకృత్తులు కావలయును గనుక విస్తరిలో ముందు పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప వంటివి తిని, అన్నమును తరువాత ముట్టవలయును. బాగుగా నమలవలయును. కడుపు నిండినట్లు తోచినంతనే చేయి కడుగుకొనవలయును. భోజనముతో నీరు త్రాగరాదు. అరగంట గడచిన పిదప గ్రుక్కగ్రుక్కగా త్రాగవలయును. బైపాస్ పొందినవారు మిఠాయి భుజించినచో గుండెదడ, చెమట, తల తిరుగుడు కలుగవచ్చును.

విటమిన్ బి12, విటమిన్ డి, ఇనుము, సున్నపుధాతువు మున్నగువానికి మాత్రలు బ్రతికినన్నాళ్లు వేసికొనవలయును. ఇందు బి12 యొక్క కొఱత వెంటనే కానరాదు; దేహమున నిలువయున్నది తీఱిన పిదప, కొన్నియేండ్లకు, రక్తహీనతగనో, పాదముల తిమ్మిరిగనో బయటపడును. శాకాహారులు మఱింత జాగరూకులై యుండవలయును. మొదటి సంవత్సరమున పలుమాఱులును, ఆపై ఏటేటను రక్తపరీక్ష చేయించుకొనవలయును. వాంతులు విడువకున్నచో విటమిన్ బి1 లోపించి మెదడునకును, నరములకును ముప్పు వాటిల్లును గనుక ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలయును. బైపాస్ పొందినవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమాత్రలను తమంతట మ్రింగరాదు, పుండ్లు పుట్టును. పొగ విడువవలయును. మద్యము తొందరగా తల కెక్కును గనుక దానికి దూరముగా నుండుట మేలు. మధుమేహపు మందులను వైద్యుడు తగ్గింపవలసినదే గాని, తొల్లింటి మోతాదునే మ్రింగుటయు, తామై మానుటయు రెండును తగవు.

తల్లులకు ప్రత్యేకముగా నొక మనవి. శస్త్రమైన మూడుమొదలాఱునెలలలో వెండ్రుకలు రాలుట సామాన్యము. ఆహారము సరిగా నున్నచో మఱల మొలచును. వ్రేలాడు చర్మమును జూచి వెఱవవలదు. అయితే గర్భధారణను పండ్రెండు మొదలు పదునెనిమిది నెలలు వాయిదా వేయవలయును, కోడండ్రను తొందరపెట్టకుడు. పెండ్లిముహూర్తమును బట్టి కుమార్తెకు శస్త్రముహూర్తము పెట్టకుడు. ఇది ఆరోగ్యము కొఱకైన చికిత్స గాని పెండ్లిచూపులకు చేయు అలంకారము కాదు.

చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము అతిస్థూలుని గూర్చి చెప్పుచు, అతిభోజనము, వ్యాయామలోపము మున్నగు కారణములతోపాటు బీజస్వభావమును కూడ పేర్కొనినది. తల్లిదండ్రులనుండి వచ్చినదానికి బిడ్డను తిట్టుట యే ధర్మము? “శస్త్రము చేయించుకొని సులభమార్గము పట్టినాడు” అను మాట నే నెందఱి నోటనో వింటిని. పైన చెప్పిన నియమములు జీవితాంతము పాటించుట సులభమార్గమగునా?

ఇక సంఘముగా మనము చేయవలసినది. విందులయందు కొసరి కొసరి వడ్డించుట మన మర్యాద. ఇట్టివారి విషయమున “చాలు” అను మాటను మన్నించుటయే మర్యాదగా నెంచవలయును. రెండు ముద్దలు తిని లేచినవానిని నలుగురిలో ప్రశ్నింపరాదు. పోషకులకు నా విన్నపమేమనగా, పేదకుటుంబమునకు శస్త్రవ్యయము నిమిత్తము చేయూత నిచ్చునపుడు, తరువాతి మాత్రలకును, ఏటేటి పరీక్షలకును కొంత ప్రత్యేకించి కేటాయింపుడు. శస్త్రమునకు చందా యిచ్చి మాత్రల నిమిత్తము ఈయకుండుట, చెఱువు త్రవ్వించి కట్ట వేయకుండుట వంటిది. మొదటి వానకు నీరు నిండును; వేసవికి చుక్క మిగులదు.

మీ యింట నెవరైన ఈ చికిత్స పొందినవారున్నచో నేడు ఇంటికి పోయి, “ఎన్ని కిలోలు తగ్గితివి?” అని యడుగకుడు. “మాత్ర వేసికొంటివా? పరీక్ష యెప్పుడు?” అని యడుగుడు. అదియే క్షేమ మడుగుట.